ఎనిమిదోవాడు

లాక్ నెస్ సరస్సులో రాకాసి కోసం వెదికితే యుద్ధ విమానం బయటపడింది. ఆ విమానం కథ ప్రపంచానికి తెలిసింది. శిక్షణ ప్రయాణంలో అందులోంచి దూకి ప్రాణం పోగొట్టుకున్న సార్జెంట్ ఫెన్సమ్ పేరు మాత్రం కథ చివరి వాక్యంలోనే ఉండిపోయింది.

1976లో స్కాట్లండ్‌లోని లాక్ నెస్ మీద ఒక పడవ నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతోంది. అమెరికా నుంచి వచ్చిన బృందం అందులో ఉంది. వాళ్లు వెదుకుతున్నది 1933 నుంచి పత్రికలకెక్కి లోకమంతా పేరు మోసిన నెస్సీని, అంటే సరస్సులో దాక్కుందని చెప్పుకునే రాకాసి జంతువును. బృందంలోని మార్టిన్ క్లైన్ దగ్గర ఒక యంత్రం ఉంది. అది నీళ్లలో రెండు పక్కలకూ ధ్వని తరంగాలు పంపుతుంది. అడుగు నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కాగితం మీద బొమ్మ గీస్తుంది. ఆ కాగితం మీద ఒకచోట రెక్కలు చాచిన ఆకారం కనిపించింది. అది జంతువు కాదు, విమానం.

మొదట అందరూ దాన్ని నీటి మీద వాలే కాటలీనా రకం విమానం అనుకున్నారు. రెండు మూడేళ్ల తర్వాత ఎడిన్‌బరాలోని హెరియట్ వాట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ హోమ్స్ బృందం నీటి అడుగుకు కెమెరాలు దించింది. దాదాపు 70 మీటర్ల లోతున, వెలుతురు చొరని చీకట్లో, బుట్ట అల్లినట్టున్న లోహపు అస్థిపంజరం ఆ ఫొటోల్లో కనిపించింది. బ్రిటన్‌లో ఆ అల్లికతో పెద్ద సంఖ్యలో తయారైన బాంబర్ ఒక్కటే: వెల్లింగ్టన్. రికార్డులు తిరగేస్తే నంబరు దొరికింది. ఎన్ 2980. దాని ముద్దుపేరు ఆర్ ఫర్ రాబర్ట్. మునిగిన తేదీ 1940 డిసెంబరు 31.

ఆ రోజు అందులో ఎనిమిది మంది ఉన్నారు. ఏడుగురు బతికారు. ఎనిమిదోవాడు సార్జెంట్ జాన్ స్టాన్లీ ఫెన్సమ్, తోకలో కూర్చునే తుపాకీదారు. వైమానిక దళం భాషలో రియర్ గన్నర్.

అతన్ని ఏ శత్రు విమానమూ తరమలేదు, ఏ ఫిరంగీ గురిపెట్టలేదు. అతను పోయింది సొంత దేశపు కొండల మీద, ఒక మధ్యాహ్నం, కుర్రాళ్లకు దారి కనుక్కోవడం నేర్పే ప్రయాణంలో. అలా పోయినవాళ్లు ఎంతమందో తెలిస్తే, యుద్ధంలో చనిపోవడం అనే మాటకు మనకు తెలిసిన అర్థం సరిపోదనిపిస్తుంది.

మేదరి అల్లికలాంటి విమానం

ఫెన్సమ్ కథ చెప్పాలంటే ముందు అతను ఎక్కిన విమానం గురించి చెప్పాలి. ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీలోని వేబ్రిడ్జ్ పక్కన బ్రూక్‌లాండ్స్ ఉంది. 1907లో కార్ల పందేల కోసం అక్కడ ట్రాక్ కట్టారు. తర్వాత అదే ఆవరణలో వికర్స్ కంపెనీ విమానాల కర్మాగారం వెలిసింది. అక్కడి ప్రధాన రూపకర్త రెక్స్ పియర్సన్. నిర్మాణ పద్ధతి మాత్రం బార్న్స్ వాలిస్ ఆలోచన. నీటి మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లి జర్మనీ ఆనకట్టలను బద్దలుకొట్టిన బాంబును తర్వాతి కాలంలో తయారుచేసింది ఈ వాలిసే.

మేదరి గంప అల్లే తీరు చూసినవారికి వాలిస్ పద్ధతి చప్పున అర్థమవుతుంది. వెదురు బద్దలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. ఒక బద్ద విరిగినా పక్కవి బరువు పంచుకుంటాయి, గంప కూలిపోదు. వాలిస్ వెదురుకు బదులు అల్యూమినియం కలిసిన తేలికపాటి లోహపు పట్టీలు వాడాడు. వాటి మీద ఐరిష్ నార బట్ట కప్పి, అది బిగుసుకునేలా డోప్ అనే ద్రవం పూసేవారు. ఫిరంగి గుండు తగిలి తలుపంత బెజ్జం పడినా, బట్ట చిరిగి పీలికలై వేలాడుతున్నా, అస్థిపంజరం నిలిచి ఉంటే విమానం ఇంటికి చేరేది. బతికి బట్టకట్టడం అంటామే, ఈ విమానం విషయంలో అది అక్షరాలా నిజం. తిరిగొచ్చాక కొత్త బట్ట కట్టి మళ్లీ పంపేవారు.

ఈ పద్ధతిని ముందుగా వెల్లెస్లీ అనే విమానంలో వాడారు, తర్వాత వెల్లింగ్టన్‌లో. రెండు పేర్లూ ఒకే మనిషివి. వాటర్లూ విజేతగా చరిత్రకెక్కిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. ఆ బిరుదు రావడానికి చాలా ముందు, 1799లో టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం వెళ్లిన హైదరాబాద్ నిజాం సైన్యానికి నాయకత్వం వహించిన కర్నల్ అతనే.

యుద్ధం ముగిసేసరికి తయారైన వెల్లింగ్టన్ల సంఖ్య 11,400 దాటింది. 1943లో బ్రాటన్ కర్మాగారం కార్మికులు ఒక వెల్లింగ్టన్‌ను ఒక్క రోజులోపే తయారుచేసి చూపించారు. అన్ని వేల విమానాల్లో ఇప్పుడు మిగిలినవి రెండే. వాటిలో యుద్ధానికి వెళ్లి వచ్చింది ఒక్క ఆర్ ఫర్ రాబర్టే.

పన్నెండు తిరిగి రాని రోజు

బ్రూక్‌లాండ్స్‌లో తయారైన ఎన్ 2980 1939 నవంబరులో తొలిసారి ఎగిరి, మిల్డెన్‌హాల్‌లోని 149వ స్క్వాడ్రన్‌కు చేరింది. ఆ దళం అధికారిక పేరులో ఈస్ట్ ఇండియా అన్న మాట ఉంది. బ్రిటిష్ సామ్రాజ్యంలోని ప్రాంతాల పేర్లు, ముఖ్యంగా డబ్బిచ్చిన ప్రాంతాల పేర్లు స్క్వాడ్రన్లకు పెట్టడం అప్పటి ఆనవాయితీ. హైదరాబాద్ పేరుతోనూ ఒక బాంబర్ దళం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో విమానాలు సమకూరిన 110వ స్క్వాడ్రన్ అది. 1939 సెప్టెంబరు 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్హెల్మ్స్‌హాఫెన్ దగ్గరి జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన తొలి బాంబు దాడికి ముందు నడిచింది ఆ హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాలే. ఆ దాడికి వెళ్లిన బ్లెన్‌హీమ్ విమానాల్లో ఐదు తిరిగి రాలేదు.

మూడున్నర నెలల తర్వాత, డిసెంబరు 18న, అదే రేవు మీదికి ఆర్ ఫర్ రాబర్ట్ బయల్దేరింది. స్క్వాడ్రన్ లీడర్ పాల్ హారిస్ దాన్ని నడిపాడు. మూడు స్క్వాడ్రన్ల నుంచి 24 వెల్లింగ్టన్లు లేచాయి. రెండు మధ్యలోనే వెనక్కి తిరిగాయి. మబ్బు తునక లేని ఆకాశం. దగ్గర దగ్గరగా గుంపుగా ఎగిరితే, ముందూ వెనుకా తుపాకులు ఉన్నాయి కాబట్టి పగటిపూట కూడా బాంబర్లు తమను తాము కాపాడుకోగలవని అప్పటి అధికారుల నమ్మకం. జర్మన్ రాడార్ వాళ్లను చాలా దూరం నుంచే పసిగట్టింది. జర్మన్ యుద్ధ విమానాలు వెల్లింగ్టన్ తుపాకులు సరిగా తిరగలేని పక్క వైపుల నుంచి వచ్చి పడ్డాయి. బెజ్జం పడితే తనంతట తానే మూసుకుపోయే రక్షణ వెల్లింగ్టన్ ఇంధన ట్యాంకులకు అప్పటికి లేదు. ఒక్క తూటా తగిలినా మంటలు లేచేవి.

22లో 12 పోయాయి. హెలిగోలాండ్ అఖాతం పోరాటంగా చరిత్రకెక్కిన ఆ మధ్యాహ్నం తర్వాతే బ్రిటన్ బాంబర్లు క్రమంగా పగటి దాడులు మానుకుని రాత్రి చీకటిని ఆశ్రయించాయి. జర్మన్ నగరాల మీద ఐదేళ్లపాటు సాగిన రాత్రి బాంబు దాడులకు బీజం అక్కడ పడింది.

ఆర్ ఫర్ రాబర్ట్ క్షేమంగా తిరిగొచ్చింది. తర్వాత 37వ స్క్వాడ్రన్‌లోనూ పనిచేసింది. వెల్లింగ్టన్లలో కొత్త రకాలు రావడంతో, 1940 చివర్లో దాన్ని ముందు వరుస నుంచి తప్పించి శిక్షణకు పంపారు.

చీకట్లో లెక్కలు

రాత్రిపూట బాంబులు వేయాలంటే ముందు రాత్రిపూట దారి తెలియాలి. ఊళ్లలో దీపాలు ఆర్పేసి ఉంటాయి. కింద నేలా సముద్రమూ ఒకే నలుపు. నావిగేటర్ చేతిలో ఉన్నవి పెన్సిలు, మ్యాపు, దిక్సూచి, గడియారం, గాలి వేగాన్ని కలిపి లెక్కగట్టే చిన్న సాధనం. విమానం ఎంత వేగంతో ఏ దిక్కుకు పోతోందో తెలుసు. గాలి దాన్ని పక్కకు ఎంత నెట్టిందో మాత్రం ఊహించాలి. ఆ ఊహ గంటకు పది మైళ్లు తప్పితే, మూడు గంటల తర్వాత విమానం ముప్పై మైళ్లు పక్కకు జరిగి ఉంటుంది. దిగుతున్నది మైదానం మీదికి అనుకుంటే ఎదురుగా కొండ నిలబడి ఉండవచ్చు.

ఈ విద్య నేర్పడానికి 1940లో బ్రిటన్ వరసగా ఆపరేషనల్ ట్రెయినింగ్ యూనిట్లను తెరిచింది. అందరూ ఓటీయూ అనేవారు. పైలట్లు, నావిగేటర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, గన్నర్లు విడివిడిగా బడులు ముగించుకుని అక్కడికి వచ్చేవారు. అక్కడే తొలిసారి నిజమైన బాంబర్ ఎక్కి, ఒక జట్టుగా పనిచేయడం నేర్చుకునేవారు. అక్కడి నుంచి నేరుగా యుద్ధానికి.

విమానాల తయారీకి మించిన వేగంతో మనుషులు కావాల్సి వచ్చింది. హెలిగోలాండ్ పోరాటానికి సరిగ్గా ముందు రోజు, 1939 డిసెంబరు 17న, కెనడా రాజధాని ఒటావాలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని కింద కెనడా గడ్డ మీదే 1,31,000 మందికి పైగా వైమానిక సిబ్బంది తయారయ్యారు. మన దగ్గర హైదరాబాద్ బేగంపేటలోనూ యుద్ధకాలంలో ప్రాథమిక శిక్షణ బడి నడిచింది. అప్పటి భారత వైమానిక దళంలో చేరిన కుర్రాళ్లు టైగర్ మాత్ విమానాల మీద తొలి పాఠాలు నేర్చుకున్నది అక్కడే.

ఓటీయూల్లో కష్టం ఎక్కడంటే, కొత్త కుర్రాళ్లకు దొరికేవి పాత విమానాలు. ముందు వరుసలో తిరిగి తిరిగి అలసిన ఇంజన్లు. బరువుతో ఉన్న వెల్లింగ్టన్ ఇంజన్లలో ఒకటి ఆగిపోతే, రెండోది దాన్ని అదే ఎత్తులో నిలబెట్టడం కష్టం. నేర్పేవాళ్లలో చాలామంది దాడులు ముగించుకుని కాస్త ఊపిరి తీసుకోవడానికి వచ్చినవాళ్లు. శిక్షణ కేంద్రాలు శత్రువుకు దూరంగా ఉండాలని కొన్నింటిని స్కాట్లండ్ ఉత్తరాన పెట్టారు. అక్కడ శత్రువు లేడు, నిజమే. కొండలున్నాయి, మంచుంది, చెప్పాపెట్టకుండా ముంచుకొచ్చే మబ్బుంది.

అలాంటి కేంద్రమే సముద్రం ఒడ్డున లాసీమౌత్‌లోని 20వ ఓటీయూ. ఆర్ ఫర్ రాబర్ట్ చేరింది అక్కడికే.

హాగ్మనే మధ్యాహ్నం

డిసెంబరు 31ని స్కాట్లండ్‌లో హాగ్మనే అంటారు. వాళ్లకు క్రిస్మస్‌కన్నా పెద్ద పండగ. 1940 హాగ్మనే రోజు ఆర్ ఫర్ రాబర్ట్ నావిగేషన్ శిక్షణకు బయల్దేరింది. నడిపినవాడు స్క్వాడ్రన్ లీడర్ నైజెల్ మార్వుడ్ ఎల్టన్. సహ పైలట్ స్లేటర్. మిగతా ఆరుగురిలో శిక్షణ పొందుతున్నవాళ్లున్నారు. తోక గదిలో ఫెన్సమ్.

వెల్లింగ్టన్‌లో తోక గది మిగతా విమానానికి వేరే ఊరులాంటిది. చుట్టూ అద్దాలు, ముందు రెండు తుపాకులు, ఒక్కడు కూర్చునేంత చోటు. పైలట్ ముందుకు చూస్తే గన్నర్ వెనక్కి చూస్తాడు. దాటి వచ్చిన దారి మాత్రమే అతనికి కనిపిస్తుంది. ఆ ఇరుకులో పారాచూట్ పెట్టుకుని కూర్చోవడానికి కుదరదు. ఒంటికి పట్టీలు మాత్రం కట్టుకుని, పారాచూట్ మూటను వెనుక విమానం లోపల తగిలించేవారు. దూకమని ఆదేశం వస్తే గన్నర్ తలుపులు తీసుకుని, వెనక్కి తిరిగి, మూట అందుకుని, గుండె మీది కొక్కేలకు బిగించుకోవాలి. ఆ తర్వాతే బయటికి. మందపాటి చేతి తొడుగులతో, గడ్డకట్టే చలిలో, ఊగుతున్న విమానంలో ఇదంతా క్షణాల్లో జరగాలి.

లాక్ నెస్‌కు ఆగ్నేయంగా ఉన్న మొనలీయ కొండల మీద, దాదాపు 8,000 అడుగుల ఎత్తులో, విమానం మంచు తుపానులో చిక్కుకుంది. కుడి ఇంజన్ ఆగిపోయింది. ఎత్తు తగ్గుతోంది. కింద ఎక్కడో కొండ శిఖరాలున్నాయి, మబ్బులో కనిపించడం లేదు. మార్వుడ్ ఎల్టన్ సిబ్బందిని దూకమన్నాడు.

ఆరుగురు దూకారు. ఐదుగురి పారాచూట్లు విచ్చుకుని వాళ్లను మంచు కప్పిన నేలకు దించాయి. ఫెన్సమ్ పారాచూట్ అతను బయటికి వచ్చే క్షణంలోనే చిరిగిపోయింది.

వాళ్లు దూకాక మబ్బు కాస్త విడింది. కింద కొండల నడుమ పొడవాటి నీటి గీత కనిపించింది. 37 కిలోమీటర్ల పొడవున్న లాక్ నెస్ తప్ప ఆ చుట్టుపక్కల విమానం దించేంత చదునైన చోటు లేదు. మార్వుడ్ ఎల్టన్ విమానాన్ని నీటి మీద పొట్టతో దించాడు. అది కాసేపు తేలింది. పైలట్లిద్దరూ రెక్క మీదికెక్కి, గాలి పడవ ఊది, తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరారు. రోడ్డెక్కి అటుగా వచ్చిన లారీని ఆపి ఇన్వర్నెస్ వెళ్లారు. వాళ్లు ఒడ్డుకు చేరేలోగా విమానం మునిగింది.

ఆ ఎనిమిది మంది ప్రయాణాన్ని చెప్పేటప్పుడు చాలామంది మార్వుడ్ ఎల్టన్ నేర్పు దగ్గర ఆగుతారు. నిజంగానే అది గొప్ప నేర్పు. ఇంజన్ ఆగిన బాంబర్‌ను చలికాలపు సరస్సు మీద ముక్కలు కాకుండా దించడం మాటలు కాదు. కానీ దూకిన ఆరుగురి ధైర్యమూ తక్కువది కాదు. నేల కనిపించని మబ్బులోకి, కింద కొండో నీరో తెలియకుండా, పైలట్ మాట మీద నమ్మకంతో అడుగు బయటపెట్టారు వాళ్లు. నీటి మీద దిగే అవకాశం ఉందని ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. ఆదేశం సరైనదే. దూకడమూ సరైనదే. ఐదుగురిని కాపాడిన నిర్ణయమే ఆరో మనిషికి కలిసిరాలేదు.

శత్రువు లేని మరణాలు

యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో దాదాపు 1,25,000 మంది వైమానిక సిబ్బంది పనిచేశారు. వాళ్లలో 55,573 మంది చనిపోయారు. ప్రతి వందలో 44 మంది. ఈ లెక్క పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. అందులో దాగి ఉన్న మరో లెక్క అంతగా కనిపించదు. చనిపోయినవాళ్లలో 8,000 మందికి పైగా దాడుల్లో పోయినవాళ్లు కాదు. శిక్షణలో, పరీక్ష ప్రయాణాల్లో, ప్రమాదాల్లో పోయారు. అంటే ప్రతి ఏడుగురిలో ఒకరు.

లాసీమౌత్‌కు దగ్గరలోనే కిన్‌లాస్‌లో 19వ ఓటీయూ ఉండేది. 1941 ఏప్రిల్ 13న అక్కడి నుంచి ఒక ఆన్సన్ విమానం నావిగేషన్ శిక్షణకు లేచింది. అందులో ఆరుగురు. మంచు తుపానులో అది స్కాట్లండ్ వాయవ్యాన బెన్ మోర్ అసింట్ కొండను ఢీకొంది. దాన్ని కనుక్కోవడానికి మే నెలాఖరు వచ్చింది. మృతదేహాలను కిందికి దించే వీలు లేక, ఆరుగురినీ పడినచోటే పూడ్చిపెట్టి పైన రాళ్లు పేర్చారు. దారి లేని ఆ కొండవాలు మీది సమాధి బ్రిటన్‌లోని అత్యంత మారుమూల యుద్ధ సమాధుల్లో ఒకటి. ఆ రాళ్ల గుట్ట కాలంతో పాటు కుంగిపోతుంటే, 2013లో వైమానిక దళం హెలికాప్టర్‌తో గ్రానైట్ రాయిని కొండ మీదికి మోసుకెళ్లింది. దాని మీద ఆరు పేర్లూ చెక్కి ఉన్నాయి.

శిక్షణకు, యుద్ధానికి మధ్య గీత ఎంత సన్ననిదో 1942 మే 30 రాత్రి తేలిపోయింది. ఆ రాత్రి బ్రిటన్ కొలోన్ నగరం మీదికి వెయ్యికి పైగా బాంబర్లను పంపింది. అన్ని విమానాలు ముందు వరుసలో లేవు. అందుకని ఓటీయూల నుంచి 360కి పైగా విమానాలను పిలిపించారు. పాఠాలు చెప్పేవాళ్లు, చదువుకునేవాళ్లు కలిసి వెళ్లారు. ఆ రాత్రి లేచిన 1,047 విమానాల్లో 602 వెల్లింగ్టన్లే. నిన్నటిదాకా విద్యార్థి అయినవాడు ఆ రాత్రి సైనికుడయ్యాడు. తెల్లవారాక బతికున్నవాడు మళ్లీ విద్యార్థి అయ్యాడు.

యుద్ధంలో కొడుకు పోయాడని తెలిసిన తల్లికి అది ఎక్కడ, ఎలా జరిగిందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. జర్మనీ మీద అని చెప్పగలిగితే, ఆ కన్నీళ్లకు ఊరు ఒక గౌరవం జోడిస్తుంది. శిక్షణలో అని చెప్పాల్సి వస్తే ఆ మాట సగంలో తెగిపోతుంది. కానీ బాంబర్ కమాండ్‌లో శిక్షణ అంటే చదువుకోవడం మాత్రమే కాదు. చీకటిలో, మబ్బులో, పాత విమానంలో ఎగరడం నేర్చుకోవాలంటే చీకటిలో, మబ్బులో, పాత విమానంలో ఎగరక తప్పదు. రాత్రి దాడుల యుద్ధాన్ని ఎంచుకున్నరోజే ఈ మరణాలు కూడా అందులో భాగమయ్యాయి. ఫెన్సమ్ మరణం హెలిగోలాండ్ దగ్గర పోయినవాళ్ల మరణం ఎంత యుద్ధ మరణమో అంతే.

పుట్టింటికి

సరస్సులో విమానం ఉందని తేలాక దాన్ని పైకి తీయాలన్న పట్టుదల మొదలైంది. అప్పటికే కొన్ని భాగాలు దెబ్బతిన్నాయి. అలాగే వదిలేస్తే మిగిలేది ఉండదని లాక్ నెస్ వెల్లింగ్టన్ అసోసియేషన్ అనే సంస్థ ఏర్పడింది. మంచినీటి చల్లదనం లోహాన్ని తుప్పు నుంచి చాలావరకు కాపాడింది. పీట్ నేల మీదుగా పారి వచ్చే ఆ నీళ్లు తేయాకు డికాక్షన్ రంగులో ఉంటాయి. కొద్ది మీటర్లు దిగితే కళ్ల ముందు చెయ్యి కూడా కనిపించదు. ఆ చీకట్లో విమానాన్ని పైకి ఎత్తడం కోసం దాని మీద లోహపు చట్రాన్ని అమర్చారు. మొదటి ప్రయత్నంలో చట్రం ఒత్తిడి తట్టుకోలేక వంకరపోయింది. కొత్తది చేయించారు. 1985 సెప్టెంబరు 21న, మునిగిన 45వ ఏట, ఆర్ ఫర్ రాబర్ట్ నీళ్ల పైకి వచ్చింది.

బట్ట ఎప్పుడో కరిగిపోయింది. వాలిస్ అల్లిన బుట్ట మాత్రం నీళ్లు కారుతూ, బురద ఓడుతూ, రెక్కలు గుర్తుపట్టేటట్టు కనిపించింది. విమానాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు బ్రూక్‌లాండ్స్ కన్నా తగిన జవాబు లేదు. అది పుట్టిన చోటు అదే. ఆ కర్మాగారం కూడా యుద్ధాన్ని ఒంటి మీద మోసిందే. 1940 సెప్టెంబరు 4న జర్మన్ విమానాలు దాని మీద బాంబులు వేసినప్పుడు 80 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వెల్లింగ్టన్ పట్టీలు బిగించిన చేతులు, బట్ట కుట్టిన చేతులు వాళ్లవి.

అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి, లక్షకు పైగా పనిగంటలు వెచ్చించి విమానాన్ని నిలబెట్టారు. వంగిన పట్టీలను సరిచేశారు, పోయినవాటిని కొత్తగా చేశారు. లోపలి అల్లిక సందర్శకులకు కనిపించాలని చాలా భాగానికి బట్ట కప్పకుండా వదిలేశారు. ఈ పని మధ్యలో జరిగిన ఒక సంగతి అందరూ చెప్పుకుంటారు. నాలుగున్నర దశాబ్దాలు నీటి అడుగున ఉన్న తోక దీపాలకు కొత్త బ్యాటరీ కలిపితే అవి వెలిగాయి.

విమానాన్ని చూడటానికి వచ్చేవారికి ఈ దీపాల ముచ్చట నచ్చుతుంది. రాకాసి కోసం వెదికితే విమానం దొరికిన ముచ్చట అంతకన్నా నచ్చుతుంది. రెండూ నచ్చదగినవే. అయితే ఆ దీపాలున్న తోకలోనే ఫెన్సమ్ కూర్చుని వెనక్కి చూస్తూ ఉండేవాడని కూడా గుర్తుంచుకోవాలి. ఆ విమానం పేరుతో పుస్తకాలు వచ్చాయి, ఫొటోలు వచ్చాయి, నమూనా బొమ్మలు వచ్చాయి. వాటిలో ఎక్కడ చూసినా ఫెన్సమ్ గురించి ఉండేది ఒకటి రెండు వాక్యాలు. యంత్రాన్ని 70 మీటర్ల లోతు నుంచి తీసుకురాగలిగాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే పట్టుదల చూపడం మరిచిపోయాం.

గోడ మీద పేర్లు

ఈ మరుపును సరిదిద్దే పని బ్రిటన్‌లో ఆలస్యంగానైనా మొదలైంది. సమాధి దొరకని వైమానిక సిబ్బంది కోసం లండన్ దగ్గర రనీమీడ్‌లో 1953లో స్మారకం తెరిచారు. అక్కడ 20,000కు పైగా పేర్లున్నాయి. బాంబర్ కమాండ్‌కు ప్రత్యేక స్మారకం మాత్రం లండన్‌లో 2012లో గానీ రాలేదు. జర్మన్ నగరాల మీద పడిన బాంబుల గురించి, వాటి కింద పోయిన సామాన్యుల గురించి యుద్ధానంతర తరాలు వేసిన కఠినమైన ప్రశ్నలే ఆ ఆలస్యానికి ఒక కారణం. ఆ ప్రశ్నలు న్యాయమైనవే, ఇప్పటికీ నిలిచే ఉన్నాయి.

2018లో ఇంగ్లండ్‌లోని లింకన్ నగరంలో ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ తెరుచుకుంది. అక్కడ లాంకాస్టర్ బాంబర్ రెక్కల వెడల్పు ఎంతో అంత ఎత్తున, అంటే 31 మీటర్ల ఎత్తున, ఒక లోహపు స్తంభం నిలబెట్టారు. దాని చుట్టూ గోడల మీద 58,000కు చేరువగా పేర్లు చెక్కారు. హోదాలు లేవు, పతకాలు లేవు, ఎవరు ఏ దాడిలో పోయారన్న వివరం లేదు. పేర్లన్నీ అక్షర క్రమంలోనే ఉంటాయి. జర్మనీ మీద కాలిపోయినవాళ్లూ, స్కాట్లండ్ కొండకు తగిలి ఆగిపోయినవాళ్లూ అక్కడ పక్కపక్కనే ఉన్నారు.

1940 చివరి రాత్రి ఇన్వర్నెస్‌లో, లాసీమౌత్‌లో ఆ జట్టువాళ్లకు కొత్త సంవత్సరం ఎలా మొదలైందో ఊహించుకోవచ్చు. ఇద్దరు తడి బట్టలతో లారీ దిగారు. ఐదుగురు మంచు కొండ మీది నుంచి కిందికి వచ్చారు. మధ్యాహ్నం లేచిన విమానం సిబ్బంది జాబితాలో ఎనిమిది పేర్లున్నాయి. వాటిలో ఏడింటికి మనుషులు తిరిగొచ్చారు. ఎనిమిదో పేరు సార్జెంట్ జాన్ స్టాన్లీ ఫెన్సమ్. రియర్ గన్నర్, 20వ ఓటీయూ, లాసీమౌత్. 1940 డిసెంబరు 31.